పొయ్యిలో ముట్టించిన బీడీ

బెంజమిన్ మాస్టారిని బడి బడికీ తిప్పేది ఆయన చెప్పే మాటల కోసం కాదు, లేని దవడ కోసం. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు. 2007లో కొత్తగూడెం చుట్టుపక్కల బళ్ళలో పొగాకు మీద సదస్సులు పెట్టినవాళ్ళు, నోటి క్యాన్సర్‌కు కుడి దవడా, సగం నాలుకా తీయించుకున్న ఈ రిటైర్డు టీచరును తెచ్చి ఊపిరితిత్తుల చార్టు పక్కన కూర్చోబెట్టేవారు. ఆయన ఏం మాట్లాడినా గొంతులో గరగరే. అది అర్థమయ్యేది భార్య లిదియా ఒక్కదానికే. ఆమె పక్కన నిలబడి దాన్ని తెలుగు చేసేది. పిల్లలు భయంతో కళ్ళు మూసుకునేవారు. టీచర్లు మాత్రం వెనక వరుసలో బుగ్గన గుట్కా పెట్టుకుని తలలూపేవారు. ఛీ, ఏం మనుషులు!

ఆ రోజు అడవి అంచున ఉన్న తండా బడి వంతు. అక్కడి టీచరు రూప్‌సింగ్ ఒకప్పుడు ఆయన శిష్యుడే. అందుకే జ్వరంగా ఉన్నా మాస్టారు పట్టుబట్టి వచ్చాడు. ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటుంది, అది రూప్‌సింగ్ ముందే ఒప్పుకోవాలి.

ఆశ్రమ పాఠశాలలో పని చేసే రోజుల్లో, వానాకాలం అగ్గిపెట్టె చెమ్మగిల్లితే మాస్టారు ఐదో తరగతి రూప్‌సింగ్ చేతికి బీడీ ఇచ్చి వంటశాలకు పంపేవాడు. పొయ్యిలో ముట్టించిన బీడీ ఆవరణంతా దాటేలోగా ఆరిపోకూడదంటే దారిలో రెండు దమ్ములు లాగాల్సిందే. ఎలా లాగాలో కూడా తనే నేర్పాడు.

ఇప్పుడు అదంతా గరగరమంటూ చెప్పాడు. లిదియా ముఖం మాడిపోయింది. పదిమందిలో మొగుడి పరువు తీయడానికి ఆమెకు నోరు రాలేదు.

"పొగ తాగొద్దు, మంచిగ చదువుకోండ్రి అంటున్నడు సారు," అంది.

మాస్టారు కోపంతో లేచాడు. సుద్దముక్క అందుకుని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "రూప్‌సింగ్‌కు బీడీ నేర్పింది నేనే." పిల్లలు అలవాటుగా అందరూ కలిసి గట్టిగా చదివారు.

రూప్‌సింగ్ గబగబా వచ్చి అరచేత్తో తుడిచేశాడు. "గిదేం రాత సార్? అంతమందిల నన్నొక్కన్నే పిలుస్తుంటిరి. నేనంటే సారుకు పానమని మురిసిపోయేటోన్ని."

అతని మాటలు పళ్ళ సందుల్లోంచి వస్తున్నాయి. మొగుడికీ మొదట్లో ఇలాగే అయింది, లిదియాకు అనుమానం వచ్చింది.

"జర నోరు తెరువు బిడ్డా."

తెరిచాడు. ఒక్క వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు.

"బీడీ ఇడిసి గుట్కా పట్టిన. ఆర్నెల్ల సంది గిట్లనే ఉన్నదమ్మా, కారం తగిల్తే మంట. పరీక్షలయినంక దవాఖానకు పోత."

లిదియా భగ్గుమంది. "ఈయన గూడ గదే అన్నడు! పరీక్షలయినంక, పరీక్షలయినంక అనుకుంట ఏడాది గడిపిండు. చూడు, ఏం మిగిలిందో!"

మాస్టారు శిష్యుడి మణికట్టు పట్టుకుని బయట ఆగిన, తాము వచ్చిన జీపు వైపు లాగాడు. ఏదో అరిచాడు, మళ్ళీ మళ్ళీ అరిచాడు. లిదియా దాన్ని తెలుగు చేయలేదు, ఏడుస్తూ నిలబడిపోయింది.

"పిల్లలు చూస్తున్నరు సార్, ఇడువుండ్రి," అంటూ రూప్‌సింగ్ మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. పిల్లల వైపు తిరిగి, "సారుకు చప్పట్లు కొట్టండ్రి," అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు.