వదిన ఎర్రదారం

కోతి మెదడులో దారాలు వెతకడం మా వదిన ఉద్యోగం. మెదడు పైపొరను ఉల్లిపొర కన్నా పలచగా కోసి తీసిన ఫోటోలు తెర మీద వరసగా వస్తాయి. ఒక్కో నరకణం తోక ఎటు పోయి దేన్ని తాకిందో చూసి దారంలా ఎవరి రంగు వాళ్లు వేస్తూ పోవాలి. కాలేజీ మానేసిన నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది కూడా ఆవిడే.

వదిన ఎర్రదారం ఒకటి, చిరిగిన పొర దగ్గర తప్పిపోయింది. కొత్తగా చేరిన కళ్లద్దాల పిల్ల తన ఆకుపచ్చ దారాన్ని అవతలి నుంచి సరిగ్గా అక్కడికే లాక్కొచ్చింది.

"అక్కా, మనిద్దరిదీ ఒకటే కణం! కలిపేయండి," అంది సంబరంగా.

వదిన మొహం మాడిపోయింది. మా దగ్గర రెండు ముక్కలు కలిస్తే పెద్దదాని రంగే మిగులుతుంది. రంగు ఎవరిదైతే కణం వాళ్లది. ఆకుపచ్చది పెద్దది.

"చూస్తాలేమ్మా," అని, నా వైపు తిరిగి, "నిన్నగాక మొన్నొచ్చి నా కణాన్ని ఎగరేసుకుపోతుందిరా," అని గొణిగింది.

"కణం కోతిది కదా వదినా?"

"నోర్ముయ్."

వారమంతా టీకి కూడా లేవకుండా, ఎవరూ పట్టించుకోని సన్నకొమ్మలన్నిటికీ ఎరుపు వేసింది. ఎరుపు పెద్దదయ్యాకే కలిపింది.

ఇంత నిండైన కణం మన గదిలో ఇంకోటి లేదని పెద్దసారు అందరికీ చూపించాడు. కళ్లద్దాల పిల్ల చప్పట్లు కొట్టింది. "అబ్బ, ఎంత ఓపిక అక్కా మీకు!"

వదినకు అదీ మింగుడుపడలేదు.

"దీనికి కుళ్లు కూడా లేదేంట్రా!" అని ఇంకాస్త కుళ్లుకుంది.