సిరిసిల్లకు పోయిన మాటలు

తమ్ముడు దుబాయి నుంచి కార్గోలో పంపిన అట్టపెట్టె కోరుట్లలో మా ఇంటి ముందు దిగినప్పుడు, వాడకట్టంతా ఫ్రిజ్ అనుకుంది. నేనెవరినీ కాదనలేదు. విప్పితే ఒక డిస్క్ ప్లేయర్, ఆరు స్పీకర్లు, బియ్యం బస్తాడు థర్మకోల్, ప్రపంచంలోని భాషలన్నీ ఉండి తెలుగు ఒక్కటే లేని పుస్తకం బయటపడ్డాయి. పెట్టె మీద 5.1 అని పెద్దగా రాసి ఉంది. నాకు తెలియనిది లేదు కాబట్టి అది దాని బరువని అందరికీ చెప్పాను.

గల్ఫ్ పెట్టె వస్తే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సబ్బులైనా, సెంట్లైనా, దుప్పట్లైనా ముందు ఆడబిడ్డల ఇళ్లకు పోవాలి. అమ్మ కంటికి ఆరు స్పీకర్లు ఆరు కానుకల్లా కనిపించాయి. చిన్నవి రెండు జగిత్యాలలో ఉన్న అక్కకు పంపింది. అడ్డంగా, పొడుగ్గా, అన్నిటికన్నా ముద్దుగా ఉన్నదాన్ని సిరిసిల్లలో ఉన్న మేనత్తకు తీసిపెట్టింది.

"మీ బాపుకు ఒక్కతే చెల్లె. ఆమెకు తక్కువది ఇస్తమా?" అంది.

అన్నిటికన్నా పెద్ద డబ్బాను తనకే ఉంచుకుని, దాని మీద కూర్చుని కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. మిగిలిన రెంటినీ టీవీకి చెరో పక్కా నిలబెట్టాను.

కొన్నాళ్లకు తమ్ముడు సెలవు మీద వచ్చాడు. పెళ్లయిన నెలలోనే విమానమెక్కిన మనిషి. వాడక్కడ ఉండగానే బాపు పోయాడు. టికెట్ దొరికేసరికి ఇక్కడ అన్నీ అయిపోయాయి. బాపు ఫోటోలు మా ఫోన్లలో కొల్లలు. గొంతు మాత్రం తమ్ముడి పెళ్లి డిస్కులో తప్ప ఎక్కడా లేదు.

"మండపంల బాపు నన్ను తిట్టిండు, యాదికున్నదా అన్నా? గది పెట్టు," అన్నాడు సంచి కూడా విప్పకుండా.

పెట్టాను. బొమ్మకు పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి.

"పైసలు పెట్టి టీవీ కొంటే సగం గోడ కట్టిండ్రు," అంది అమ్మ.

దాన్ని లెటర్‌బాక్స్ అంటారని, వెడల్పాటి బొమ్మను అంచులు నరకకుండా చూపిస్తే అట్లా ఖాళీ మిగులుతుందని పుస్తకం చూసి చెప్పాను. బ్యాండు మోగింది. మెట్‌పల్లి దాకా వినపడి ఉంటుంది. అప్పుడు బాపు వచ్చాడు. పెళ్లికొడుకు ముందు నిలబడి, వేలు చూపించి, నోరు తెరిచాడు. మాట రాలేదు. పెదాలు ఆడుతున్నాయి, అంతే. తమ్ముడు శబ్దం పెంచాడు. బ్యాండు పెరిగింది కానీ బాపు పెరగలేదు.

తమ్ముడు టీవీకి దగ్గరగా జరిగి, తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ రోజు నేను పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. 5.1 అంటే బరువు కాదట. ఐదు మామూలు స్పీకర్లు, చుక్క తర్వాత ఉన్న ఒకటి దడదడల కోసమే పుట్టిన సబ్‌వూఫర్. ముందున్న కుడి ఎడమల్లో పాటలు, వెనక రెంటిలో చుట్టుపక్కల సందడి, నడుమ ఉండే సెంటర్‌లో మాటలు. డిస్కు చేసిన స్టూడియో ఆయన, పెళ్లి సినిమాలా ఉండాలని మాటలన్నీ ఏరి నడుమదాంట్లోనే పోశాడు. అంటే చప్పట్లు జగిత్యాలలో, ఉరుములు అమ్మ కింద, బాపు సిరిసిల్లలో.

"పోయి తీస్కరా అన్నా," అన్నాడు తమ్ముడు.

"ఇచ్చింది మల్ల ఎట్ల అడుగుతర్రా? మీ అత్త ఇంక మన గడప తొక్కుతదా?" అంది అమ్మ.

అయినా పోయాను. అత్తమ్మ ఉండే గల్లీలో మరమగ్గాల మోతకు గోడలే ఊగుతుంటాయి. అక్కడ సబ్‌వూఫర్ ఎవరికీ అక్కర్లేదు. మా స్పీకర్ షోకేసు నడుమ అరలో, లేసుగుడ్డ కప్పుకుని, వైరూ గియిరూ లేకుండా రాజాలా కూర్చుంది. నా ముందే పక్కింటావిడకు చూపించింది అత్తమ్మ.

"మా అల్లుడు దుబాయి నుంచి పంపిండు."

"మాట్లాడుతదా ఇది?"

"మాట్లాడకున్నా పంపిండు గద."

ఆ మాట విన్నాక నా నోట్లోని సెంటర్ స్పీకర్ కూడా పడిపోయింది. డబ్బా బదులు అత్తమ్మను బస్సెక్కించుకుని వచ్చాను.

ఇంట్లోకి రాగానే మరదలు, అంటే తమ్ముడి భార్య, రిమోటు పట్టుకుని ఎదురొచ్చింది.

"బావా, సెటప్ల సెంటర్ స్పీకర్ ఉన్నదా లేదా అని అడుగుతున్నది. లేదని పెట్టిన."

నేను చదివి ఆపేసిన పేజీకి వెనకవైపే ఉందట ఆ సంగతి. నడుమది లేదని చెబితే, ప్లేయర్ దాని మాటలను కుడి ఎడమలకు సమంగా పంచేస్తుంది. అచ్చం మా అమ్మలాగే.

డిస్కు తిరిగింది. బాపు వేలు చూపించాడు.

"తల ఎత్తురా. నీ చెప్పులు ఎవ్వలు ఎత్తుకపోరు."

టీవీ ముందు కూర్చున్న తమ్ముడు నిజంగానే తల ఎత్తాడు. మరదలు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. మళ్లీ ఎత్తాడు.

"జర పెంచుండ్రి. మా అన్న ఎన్నడు మెల్లగ మాట్లాడిండు గనుక," అంది అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. కాసేపటికి ఆమె చూపు టీవీ పక్కనున్న స్పీకర్ల మీద పడింది. "నాకిచ్చినసొంటిది మీకు లేదారా?"

"లేదత్తమ్మా. గసొంటిది ఒక్కటే వచ్చింది. నీకే పంపిండు."

అత్తమ్మ కొంగు సర్దుకుంది.

"గందుకే షోకేసుల పెట్టిన."