తేడా ఎవరి వెంట పోతుందో

అయ్యవారు పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను ధర్మపురి బస్టాండులో ఉన్నాను. చేతిలో నోటీసు ప్రూఫు, ఇంకా సిరా ఆరలేదు. ఆయన వద్దన్న నోటీసు అది. మీరు ఒప్పుకోకపోయినా అచ్చుకిచ్చాను చూడండి అని ఆ సాయంత్రం ముఖం మీదే చెప్పాలనుకున్నాను. ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పను?

మీలో చాలామందికి ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషిగానే తెలుసు. మా వీధిలోనే ఉంటూ, అరవ బడికి పోయే మాకు తెలుగు అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. ఆయనకు మెడ తిరిగేది కాదు. వెనకనుంచి పిలిస్తే మనిషంతా తిరిగేవారు. "సారు స్టాండుతో సహా తిరుగుతారు" అని మేం నవ్వితే ఆయనా నవ్వేవారు.

ఆ స్టాండు ఆయన చెప్పిన కథలోదే. వయసులో ఉండగా ఉత్తరాదిన ఒక పరిశోధనశాలలో పనిచేశారు. అక్కడ ప్రోటాన్లను ఒక రేకు మీదికి వదిలేవారు. ప్రోటాను తన విద్యుదావేశాన్ని రేకులోని పరమాణు కేంద్రకానికి ఇచ్చేసి న్యూట్రానుగా బయటికి వస్తుంది. వచ్చేటప్పుడు దాని స్పిన్, అంటే తిరుగుడు దిశ, అలాగే ఉందా, తలకిందులైందా? స్పిన్ కంటికి కనబడదు. అందుకని ఆ న్యూట్రాన్లను ఇంకో దిమ్మెకు తగలనిచ్చి, ఎడమకు ఎన్ని చెదిరాయో, కుడికి ఎన్ని చెదిరాయో లెక్కపెట్టాలి. ఎడమకు ఎక్కువ వచ్చాయని అయ్యవారు ఎగిరి గంతేశారట. తర్వాత ప్రోటాన్ల స్పిన్‌ను తిరగేసి మళ్ళీ లెక్కపెట్టారు. తేడా పక్క మారాలి. మారలేదు, ఎడమనే నిలిచింది. చెదిరినవాటిని లెక్కపెట్టే డిటెక్టర్ల స్టాండు వెంట్రుకవాసి వంకర! తానే పోయి ఆ పరిశోధనశాల పెద్దాయనతో చెప్పి, నెలల పని చెత్తబుట్టలో వేశారు.

"తేడా కనిపించిందని సంతోషపడొద్దప్పా. అది ఎవరి వెంట పోతుందో చూడు" అనేవారు.

మా గొడవ నీళ్ళ మీద. నల్లంపల్లి దగ్గర మా ఊళ్ళో కింది వీధికి బోరు నీళ్ళు, పై వీధికి కొళాయి నీళ్ళు. మా కింది వీధి పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఆ నీళ్ళలోని ఫ్లోరైడు పళ్ళతో ఆగదనీ, ఎముకల్లోకీ పోయి కీళ్ళను బిగిస్తుందనీ కరపత్రాల్లో చదివి రగిలిపోయాను. మా వీధిలో చారలున్న పిల్లలను నేను, పై వీధిలో అక్కడే ఉండే నా స్నేహితుడు లెక్కపెట్టాం. మాకూ కొళాయి నీళ్ళు ఇమ్మని నీళ్ళ ఆఫీసరును నిలదీస్తూ నోటీసు రాసుకుని అయ్యవారి దగ్గరికి పోయాను.

"మీ వీధిని ఎవరు చూసినారు?"

"నేనే సారూ. పై వీధిని వాడు."

"సరి. ఇప్పుడు నువ్వు పైకి పో, వాణ్ణి కిందికి రానీ."

"పళ్ళు చూస్తే తెలీదా? పిల్లోళ్ళ బతుకు పోతావుంటే మీకు లెక్క కావల్లనా? మీరూ ఆఫీసరు మాదిరే మాట్లాడతారే!"

"కోపం కూడా వంకర స్టాండేనప్పా. నీ కంటికి ప్రతి పల్లూ చారపల్లే. ఆఫీసరు మొదట అడిగేది అదే. అప్పుడేం చెప్తావు?"

తలుపు విసిరికొట్టి వచ్చేశాను. అదే ఆఖరు.

మూడోనాడు శ్మశానంలో ఆయనకు పాలు పోసి వచ్చాక, మేమిద్దరం వీధులు మార్చుకున్నాం. పై వీధిలో ఎంత వెదికినా చారలు ఏ ఒకటి రెండు నోళ్ళలోనో కనిపించాయి. మా వీధి నుంచి స్నేహితుడు తల వంచుకుని వచ్చాడు.

"నీకన్నా ఎక్కువే చూసినానురా. లేత చారలన్నీ నువ్వు వదిలేసినావు. మీ కండ్లకు అలవాటైపోయినాయి."

తేడా నా వెంట రాలేదు. వీధినే పట్టుకుని ఉంది. నా మాట తప్పయితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

ప్రూఫు చించేసి, ఎవరు ఏ వీధి చూశామో ముందే పెట్టి నోటీసు మళ్ళీ రాశాను. అమ్మకు వినిపిద్దామని పోతే, బోరు దగ్గర బిందె నింపుకుని అప్పుడే కదులుతోంది. వెనకనుంచి పిలిచాను.

అమ్మ మెడ తిరగలేదు. చంకలో బిందెతో సహా, మనిషంతా, మెల్లగా నా వైపు తిరిగింది.