కుర్మయ్య కాకా రెండు నిమిషాల పని

కుర్మయ్య కాకాకు లోకంలో ఏ ల్యాప్‌టాప్ మీదా నమ్మకం లేదు. మనుషుల మీద నమ్మకం ఉంది గాని, అది కూడా వాళ్ల చంకలో ల్యాప్‌టాప్ కనబడేంత వరకే. ఎంత పెద్ద సారు వచ్చినా ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "అన్ని బంద్ చేసిన్రా?"

అన్నీ అంటే మెయిలు, వాట్సాప్, బ్రౌజరు, అప్‌డేట్లు, స్క్రీన్‌సేవరు, ఆఖరికి తెర మీద పెట్టుకున్న పిల్లల ఫొటో. ఇవన్నీ మూయించాలి. ఛార్జరు పెట్టించాలి. వీడియోలు ఇంటర్నెట్ నుంచి కాకుండా ల్యాప్‌టాప్‌లోకే ఎక్కించాలి. స్లైడ్లను మొదటి నుంచి చివరిదాకా పెద్ద తెర మీద ఒకసారి తిప్పి చూడాలి. అప్పటిదాకా ఆయన మైకు చేతికివ్వడు.

మా హోటలు శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర. ఔటర్ రింగు రోడ్డు పొడుగునా కొత్త హాళ్లు లేచాక మాకు బుకింగులు పడిపోయాయి. మొదట పూలు అమర్చే సత్తయ్యను తీసేసి ప్లాస్టిక్ పూలు పెట్టారు. తరువాత చాయ్ పెట్టే అమృతమ్మను తీసేసి మిషను పెట్టారు. పూల మీద దుమ్ము పడుతోంది, మిషన్ చాయ్ ఎవరూ తాగడం లేదు. మా మీటింగు హాళ్లు రెండింటికీ కిటికీలు కూడా లేవు. పొద్దున లోపలికి పోతే బయట వానో ఎండో తెలియదు, పైన విమానం పోయినప్పుడు నేల కొంచెం అదురుతుంది. నేను అక్కడ మీటింగుల ఏర్పాట్లు చూసే డెస్కులో చేరి ఎనిమిది నెలలైంది. పేరు మనీషా, ఊరు మహేశ్వరం. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

కాకాది తుక్కుగూడ. ఒకప్పుడు పెండ్లిళ్లకు మైకుసెట్టు కిరాయికి ఇచ్చేవాడు. హోటల్లో చేరాక ప్రొజెక్టరు, సౌండు, లైట్లు మూడూ ఆయనవే. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో సాగనంపి వచ్చినట్టు మొఖం పెట్టుకుని ఉంటాడు. నవ్వగా చూసినవాళ్లు మా హోటల్లో లేరు. అయినా ఆ చీకటి కొంపలో నాకు నవ్వొచ్చిందంటే ఆయన వల్లనే.

ఒకసారి ఒక గుండె డాక్టరు వచ్చాడు. రోజుకు రెండు సభల్లో మాట్లాడే మనిషి. కాకా ఆయన ల్యాప్‌టాప్ సెట్టింగులు తెరిచి, ఇది ముట్టుకోకుంటే పది నిమిషాలకు నిద్రపోతుందని చెప్పి, మీ ఉపన్యాసం ఎంతసేపని అడిగాడు. నలభై నిమిషాలన్నాడు డాక్టరు. "అయితే మీ ముంగట కూసున్నోళ్ల కంటే ముందు గిదే పండుకుంటది సారూ," అని నిద్ర సమయాన్ని 'ఎప్పటికీ వద్దు' అని మార్చి పక్కకు జరిగాడు. డాక్టరు తెరిచిన నోరు ఇంకా మూయలేదు.

ఇంకోసారి తుక్కుగూడలో కాకా దోస్తు మొగులయ్య దినాలు. వాళ్ల కొడుకు జగదీశ్ తండ్రి ఫొటోలన్నీ ఒక టీవీలో చూపిస్తూ నాలుగు మాటలు మాట్లాడతానన్నాడు. నేనూ పోయాను. విస్తర్లు వేశారు, పప్పు చల్లారుతోంది, చుట్టాలంతా కూర్చున్నారు. కాకా మాత్రం ల్యాప్‌టాప్ వదలడు. బ్యాటరీ పద్నాలుగు శాతం ఉంది, ఛార్జర్ తెమ్మన్నాడు. ఛార్జర్ తెస్తే ప్లగ్గు వదులుగా ఉందన్నాడు. ఫొటోల్లో మూడోది తలకిందులుగా ఉందన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన జగదీశ్‌కు చివరికి అరికాలి మంట నెత్తికెక్కింది. చచ్చిన మా నాయన కూడా ఇంత సతాయించలేదని అందరి ముందూ అన్నాడు. తరువాత అదే ఊపులో లేచి తండ్రి గురించి గొంతు బొంగురుపోకుండా పావుగంట మాట్లాడాడు. ఆ రోజు నేను చల్లారిన పప్పు గురించే ఎక్కువ ఆలోచించాను.

ఎందుకింత చాదస్తమని కాకాను ఒకసారి అడిగితే ఒక సంగతి చెప్పాడు. ఏళ్ల కింద ఒక ఆఫీసరు మూడు వందల మంది ముందు మాట్లాడుతుంటే, ఇక ఇంటికి రావద్దని ఆయన భార్య పంపిన మెసేజు పెద్ద తెర మీద మూలకు వచ్చి నిలబడిందట. అందరూ చదివారు. ఆయన ఒక్కడే తెరకు వీపు పెట్టి ఉన్నాడు కాబట్టి చదవలేదు. జనం మొఖాలు ఎందుకు మారాయో అర్థం కాక ఇంకో పది నిమిషాలు మాట్లాడాడట. "నా చేతుల రిమోట్ ఉన్నది బిడ్డా. తెర నల్లగ చేసే మీట యాదికి రాలే," అన్నాడు కాకా. ఆ తరువాత చాలాసేపు వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

జూన్‌లో కొత్త జీఎం గారు వచ్చారు. విజయవాడ మనిషి, మాట మర్యాద, ఇస్త్రీ మడత చెడని చొక్కా. సిబ్బంది అందరితో మొదటి మీటింగు పెట్టిన రోజున, అది మొదలవక ముందే హాల్లో కాకాకు చిక్కారు. బయటికి వచ్చేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఇలాంటి మనిషి ఉంటే ఈ హోటలు బాగుపడదని నాతోనే అన్నారు. కోపం మీద ఉన్నా, ఆ రోజు మీటింగులో మాత్రం చక్కగా మాట్లాడారు.

ఆగస్టులో నన్ను పిలిచారు. హాళ్లలో కొత్త పరికరం పెడతారట, మాట్లాడేవాళ్లే వచ్చి ఒక్క మీట నొక్కితే తెర వెలుగుతుందట, ఇక ఆపరేటరు అక్కర్లేదట. గురువారం ఇద్దరు డైరెక్టర్లు వస్తున్నారు, వాళ్లకు నేను ఐదు స్లైడ్లతో ఈ సంగతి వివరించాలి. హాలు రిజిస్టరులో ఎవరు మాట్లాడారో, ల్యాప్‌టాప్ ఎప్పుడు వచ్చిందో, తెర ఎప్పుడు సిద్ధమైందో కాకానే రాసి పెడతాడు. మూడు నెలల లెక్క తీసి, ఆ మనిషి ఎంత సమయం వృథా చేస్తున్నాడో చూపించమన్నారు.

"ఇది వ్యక్తిగతం కాదు మనీషా గారూ. మీ కన్ఫర్మేషన్ ఫైలు కూడా నా దగ్గరే ఉంది, చూస్తాను," అన్నారు.

నేను లెక్క తీశాను. అరవై మూడు మీటింగులు, సగటున పంతొమ్మిది నిమిషాలు. నాలుగో స్లైడులో పట్టిక మొత్తం పెట్టాను. ఐదో స్లైడులో ఒక్కటే వాక్యం: 'ఆపరేటర్ పోస్టు రద్దుకు ప్రతిపాదన.' ఆ వాక్యాన్ని ఎంత చిన్న అక్షరాల్లో రాయగలనో అంత చిన్నగా రాశాను. సిగ్గుగా ఉండింది, చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

గురువారం పది గంటలకు మీటింగు. కాకా రాకముందే కనెక్షన్ ఇచ్చేసుకుందామని ఎనిమిదింటికే హాలుకు పోయాను. ఆయన అప్పటికే అక్కడున్నాడు. చిన్న మీటింగే కాకా, చెకింగు వద్దు అన్నాను. ఆయన చెయ్యి చాపాడు, నేను ల్యాప్‌టాప్ ఇచ్చాను. మెయిలు మూశాడు, వాట్సాప్ మూశాడు, అప్‌డేట్లు వారం వాయిదా వేశాడు. తరువాత స్లైడ్లు తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాని దగ్గర కొంచెం ఆగాడు. ఐదోది వచ్చింది.

పైన ఏదో విమానం పోయింది. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

"అక్షరాలు చిన్నగున్నయి బిడ్డా," అన్నాడు. "పదహారు పెట్టినవ్. ఎనక కూసున్నోళ్లకు కనబడది. ఇరవై ఎనిమిది పెట్టాలె."

ఆయనే పెంచాడు. రంగు కూడా లేతగా ఉందని ముదురు చేశాడు. వాక్యం తెర నిండా వచ్చాక సరే అనుకుని సౌండు పరీక్షకు పోయాడు. నా స్లైడ్లలో సౌండే లేదు. అయినా రెండు స్పీకర్లూ పరీక్షించాడు. ఛార్జరు తీసి మళ్లీ పెట్టించాడు. వెనక వరుస దాకా నడిచి పోయి అక్షరాలు కనబడుతున్నాయో లేదో చెప్పమన్నాడు. మొదటి వాక్యం మూడుసార్లు చెప్పించాడు, మూడుసార్లూ గొంతు చిన్నదే అన్నాడు. నాకు దుఃఖం పోయి ఒళ్లు మండింది. ఉద్యోగం పోయే మనిషికి ఈ పెత్తనం ఎందుకని గొణుక్కున్నాను కూడా. గడియారం చూస్తే ముప్పై ఐదు నిమిషాలు గడిచాయి.

అప్పుడు తెర మీద మళ్లీ నాలుగో స్లైడు పెట్టి ఉంది. మూడు రోజులుగా నేను నిమిషాలే లెక్కపెట్టాను, పక్కనున్న పేర్లు ఒక్కసారీ చదవలేదు. ఇప్పుడు చదివాను. రోజూ సభల్లో మాట్లాడే గుండె డాక్టరు, రెండు నిమిషాలు. నెలకు నాలుగుసార్లు వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు, రెండు నిమిషాలు. మా ఊరి మహిళా సంఘం నుంచి మొదటిసారి మైకు పట్టిన అరుణ, ముప్పై ఒకటి. జొన్న పంట గురించి చెప్పడానికి వచ్చి చెమటలు కక్కిన రైతు బాలమల్లు, ఇరవై ఎనిమిది. అన్నిటికంటే పెద్ద అంకె నలభై రెండు. జూన్ పన్నెండు. పేరు మా జీఎం గారిది.

"కాకా, ఇది రెండు నిమిషాల పనే కదా," అన్నాను.

ఆయన మైకు వైరు సవరించుకున్నాడు. దొరికిపోయిన మనిషి లాగా అటూ ఇటూ చూశాడు.

"చేతులు వణుకుతున్నప్పుడు మైకు ఇయ్యొద్దు బిడ్డా. కోపం వస్తే వణుకు పోతది. గందుకే జర సతాయిస్త. నీయి ఇప్పుడు ఆగినయి, చూస్కో."

చూసుకున్నాను. నా చేతులు ఆగి ఉన్నాయి.

ఇది వాళ్లకు చెబుతానన్నాను. ఈ పేర్లు చూపించి చెబుతాను, జీఎం గారి పేరు కూడా అక్కడే ఉంది, ఇక ఎవరూ మాట్లాడలేరు అన్నాను. కాకా వచ్చి ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డాడు. పేర్లున్న నిలువు వరుస మొత్తం పట్టి తీసేశాడు. సేవ్ చేశాడు.

"నీ నౌకరి పోతది కాకా," అన్నాను.

"పోతే పోనీ. పెద్ద తెర మీద మనిషి పేరు పెట్టి గట్ల చూపియ్యొద్దు. జీఎం సారు ఆ దినం ఎంత పరేషాన్ అయిండో నాకు ఎరుక. అది గీ హాల్లనే ఉండాలె."

డైరెక్టర్లు వచ్చారు. వాళ్ల వెనక జీఎం గారు. కాకా వెనక మూలన తన బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. తీసేసినవాటిని వెనక్కి తెచ్చే అన్‌డూ మీట నొక్కితే పేర్లన్నీ మళ్లీ వచ్చేవి. ఆ సంగతి నాకు నేర్పింది కూడా ఆయనే. నేను నొక్కలేదు.

నాలుగో స్లైడు వచ్చింది. తారీఖులు, నిమిషాలు, అంతే. పెద్ద డైరెక్టరు కళ్లద్దాలు సవరించుకుని, ఒకరికి రెండు నిమిషాలు, ఇంకొకరికి నలభై రెండు ఎందుకని అడిగారు. ఆ ల్యాప్‌టాప్ అంత పాడైపోయిందా అన్నారు.

"ల్యాప్‌టాపులన్నీ బాగానే ఉన్నాయి సార్," అన్నాను. "మాట్లాడేవాళ్లు భయపడ్డారు. వాళ్ల చేతులు వణకడం ఆగేదాకా ఆపరేటరు ఏదో ఒక వంక పెట్టి వాళ్లను ఆపాడు. ఈ పంతొమ్మిది నిమిషాల సగటు అదే. ఒక్క మీట నొక్కే పరికరం ఆ పని చెయ్యదు సార్."

ఈ మాటలు ముందు రోజు నేను రాసుకున్న కాగితంలో లేవు. నా పర్మినెంటు ఫైలు కళ్ల ముందు ఒకసారి కదిలింది. జీఎం గారు తెర వైపు చూస్తున్నారు. ఆయన చూపు పై వరుస నుంచి మెల్లగా కిందికి దిగి ఒక తారీఖు దగ్గర ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. పేరు కోసం వెతికారు, పేరు లేదు. వెనక్కి తిరిగి కాకాను చూశారు. కాకా ఏమీ ఎరగనట్టు స్పీకరు మీద దుమ్ము తుడుస్తున్నాడు.

ఆ నలభై రెండు నిమిషాల మనిషి ఎవరో అని పెద్ద డైరెక్టరు నవ్వారు. నేను స్లైడు మార్చే మీట మీద వేలు పెట్టాను.

"ఐదో స్లైడు వద్దు మనీషా గారూ," అన్నారు జీఎం గారు. "అది ఇంకా పరిశీలించవలసి ఉంది."

ఇరవై ఎనిమిది సైజు అక్షరాల వాక్యాన్ని ఎవరూ చూడలేదు. ఆ పరిశీలన ఇంకా జరుగుతూనే ఉంది. హోటలు పరిస్థితి ఏమీ బాగుపడలేదు, ప్లాస్టిక్ పూలు అలాగే ఉన్నాయి. నా ఫైలు మాత్రం వారంలో కదిలింది. హాలు రిజిస్టరు మూడు నెలలకోసారి సరిచూసి సంతకం పెట్టే పని నాకు అప్పగించారు.

సెప్టెంబరులో జీఎం గారు వాటాదారుల ముందు మాట్లాడవలసి వచ్చింది. మీటింగు పదింటికైతే తొమ్మిదికే ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక్కరే హాల్లోకి కాకా దగ్గరికి పోయి తలుపు వేసుకున్నారు. యాభై నిమిషాల తరువాత చిరాగ్గా బయటికి వచ్చి, ఆ మనిషి ఈసారి ఏసీ కూడా పరీక్షించాడని నాతో చెప్పి, నిటారుగా నడిచి పోయారు.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను. జీఎం గారి పేరు, ల్యాప్‌టాప్ వచ్చింది తొమ్మిది గంటలకు, తెర సిద్ధమైంది తొమ్మిదీ రెండు నిమిషాలకు. పైన చూశాను. నా గురువారం నుంచి కాకా రాసినవన్నీ రెండు నిమిషాలే. మొదటిసారి మాట్లాడిన బడి పంతులమ్మ కవితకు రెండు, గొంతు పెగలక ఏడ్చిన కుర్రాడికి రెండు, నాకూ రెండు. పెన్ను తీసి కింద 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టాను.