మన్ను మిద్దె మీద పగిలిన కుండ

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికో తెల్లచీర కనిపించిందంటే, ఆరేసిన పంచె అయ్యుంటుందిలే అని కొట్టిపారేసే మనిషిని. ఈ సంగతి కూడా ఇంకెవరైనా చెప్పుంటే నవ్వేసేదాన్ని. నాకే జరిగింది కాబట్టి నవ్వలేకపోతున్నాను.

మాది పలమనేరు దగ్గర పల్లె. ఇల్లు మా మామగారి తాత కట్టించిన మన్ను మిద్దె, పైకప్పు కూడా చదును చేసిన మన్నే. నడిమి గదికి కిటికీ లేదు. వెలుతురు రావడానికి, పొగ పోవడానికి పైకప్పులో గవాక్షి అని మూరెడు కంత ఒకటి ఉంది. వానొస్తే దాని మీద బండ మూస్తాం.

మా అత్త బతికున్నప్పుడు మాత్రం లోపల నిప్పుంటే బండ వేయనిచ్చేది కాదు. ఒక పక్క పగిలిన కుండను గవాక్షి మీద బోర్లించేది. నీళ్లు లోపలికి రావు, పొగ ఆ పగులులోంచి పోతుంది. నేను బండ వేస్తే కసిరేది. "అది ఇంటికి ముక్కు. ముక్కు మూసి ముద్ద పెడతావా?" అనేది. ఆమెకూ నాకూ ఉప్పూ నిప్పే. ఆమె పోయాక ఆ కుండను ఎవరూ ముట్టుకోలేదు. కొట్టంలో కట్టెల మోపుల వెనక పడి ఉండేది.

పోయిన చలికాలం మా కూతురు హేమ కాన్పయి, పసిబిడ్డతో మా ఇంట్లో ఉంది. అప్పుడే తుఫాను పట్టుకుంది. స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. మోటారు లేదు కదా, బావిలోంచి చేదతో నీళ్లు తోడాను. మిక్సీ లేదు కదా, రోట్లో కారం నూరాను. సెల్‌ఫోన్లు ట్రాక్టరు బ్యాటరీకి తగిలించాం. ఇవన్నీ ఒక లెక్కా? బిడ్డను వెచ్చగా ఉంచడమే అసలు కష్టం. తక్కువ బరువుతో పుట్టింది, చలి తగలనీయొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. హీటరేమో మూలన కూర్చుంది.

ఒక పొద్దున మా ఆయన అద్దెకు జనరేటరు తెస్తానని పలమనేరు పోయాడు. ఆయన అటు పోగానే ఊరి పక్క వంకలో నీళ్లు పొంగి దారి తెగింది. ఇంట్లో నేనూ, తల్లీబిడ్డా మిగిలాం. గవాక్షిలోంచి జల్లు ఉయ్యాల మీద పడుతుంటే, నిచ్చెన ఎక్కి బండను ఈడ్చి మూశాను. దిగి నిచ్చెనను వసారాలో పడుకోబెట్టాను. మధ్యాహ్నం బిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, కుంపటి నిండా బొగ్గులు రాజేసి గదిలో పెట్టాను. బాలింతకు గాలి తగలకూడదని తలుపు కూడా వేశాను. ఇద్దరూ నిద్రపోయారు.

నేను పాలు పిండడానికి కొట్టంలోకి పోయాను. ఆవు ఆ పూట ఎంతకీ పాలు చేపలేదు. దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నప్పుడు, ఎప్పుడో పేపర్లో చదివింది గుర్తుకొచ్చింది. మూసిన గదిలో బొగ్గుల సెగ నిద్రలోనే ప్రాణం తీస్తుందట. చెంబు అక్కడే పడేసి పరుగెత్తాను.

తలుపు తోస్తే చల్లగాలి మొహానికి తగిలింది. గదిలో పైనుంచి కొంచెం వెలుతురు పడుతోంది. హేమ తల పట్టుకుని కూర్చుని ఉంది. బిడ్డ ఒళ్లో పాలు తాగుతోంది.

"తల పగిలిపోతా ఉండింది అమ్మా. లేద్దామంటే కాళ్లు రాలా. నువ్వు పైన బండ ఈడ్చినాకే ఊపిరాడింది" అంది.

ఈడ్చింది నేను కాదని చెప్పలేదు. బాలింత, బెదిరిపోతుంది. కుంపటి బయట పెట్టేసి, వసారాలో పడుకోబెట్టినట్టే ఉన్న నిచ్చెన తెచ్చుకుని పైకెక్కాను.

బండ పక్కన ఉంది. గవాక్షి మీద అత్త కుండ బోర్లించి ఉంది, పగిలిన వైపు జల్లు తగలకుండా తిప్పి. నానిన మన్ను మీద పొద్దున నేను ఎక్కి దిగిన అడుగులే ఉన్నాయి. ఇంకెవరివీ లేవు. దిగి పోయి చూస్తే కొట్టంలో కట్టెల మోపులు కదలలేదు. అంతసేపూ నేను వాటి ముందరే కూర్చున్నాను, లోపలికి ఎవరూ రాలేదు.

ఎదురింటి మునిరత్నాన్ని అడిగాను. "ఈ వానలో మీ మిద్దెక్కేదానికి నాకేం పనక్కా? కుక్క గూడా బయటికి రాలా" అన్నాడు.

దారి బాగయ్యాక ఇద్దరినీ ఆస్పత్రిలో చూపించాం. డాక్టరమ్మ నన్ను చెడామడా తిట్టింది. ఇంకాసేపు అలాగే ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు కాదంది. ఆ మాటకు అక్కడే ఏడ్చేశాను.

అడుగులు వానకు చెరిగిపోయి ఉంటాయని మా ఆయన అంటాడు. మరి నావెందుకు చెరగలేదంటే, లేచి ఆవుకు గడ్డి వేయడానికి పోతాడు. నేనే చేసి మరిచిపోయానేమోనని కూడా ఆలోచించాను. కానీ ఆ రోజు నాకు ఆ కుండ గుర్తే లేదు.

దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కుండను మాత్రం మళ్లీ కొట్టంలో పడేయలేదు.

పోయిన నెల మా ఆయన గవాక్షి పూడ్చేసి సిమెంటు పోయిద్దామని మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. నేను నిచ్చెనకు అడ్డం నిలబడ్డాను.

"ముక్కు మూసి ముద్ద పెడతారా?" అన్నాను.

అది వాళ్లమ్మ మాట. మా ఆయన మేస్త్రీని వెనక్కి పంపించేశాడు.