లెనీ పిట్లాక్ గొంతు

గడ్డం గీసుకోకుండా లెనీ పిట్లాక్ ఏనాడూ రేడియోకి ఫోన్ చేయలేదు. చర్చిలో పొద్దుటి పూజకి మాసిన గడ్డంతోనే వెళ్ళేవాడు. తిరిగొచ్చి, బూట్లకంటిన మంచు గుమ్మం దగ్గర దులిపి, అద్దం ముందు నిలబడి నున్నగా గీసుకునేవాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. ఆ తర్వాతే వంటింటి గోడకున్న ఫోన్ అందుకునేవాడు. దేవుడి దగ్గరికి గడ్డంతో వెళ్ళి రేడియోవాళ్ళకి మాత్రం గీసుకుంటావేమిటని తమ్ముడి భార్య డొలొరెస్ ఒకసారి నవ్వింది. దేవుడికి తనెవరో ముందే తెలుసుననీ, ఊరికి మాత్రం రోజూ తెలియజెప్పుకోవాలనీ అన్నాడు లెనీ.

ఇల్లు అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నది. కింది వాటాలో లెనీ, పై వాటాలో ఎడ్డీ, డొలొరెస్. లెనీ పెళ్ళి చేసుకోలేదు. ఎడ్డీ పోయాక పైన డొలొరెస్ ఒక్కతే మిగిలింది. చలికాలంలో కింది నుంచి పై వంటింట్లోకి వేడిగాలి తెచ్చే గొట్టం ఒకటుంది. వేడితోపాటు కింది మాటలు కూడా దాంట్లోంచి వచ్చేవి. అందువల్ల ప్రతి పొద్దునా డొలొరెస్ లెనీ మాటలు రెండుసార్లు వినేది. ముందు గొట్టంలోంచి, ఒక్క నిట్టూర్పంత ఆలస్యంగా రేడియోలోంచి. లెనీ కింద తిట్టి ఊపిరి పీల్చుకునే వేళకి ఆ తిట్టు ఊరంతా మోగేది. ఆమె బంగాళాదుంపలు చెక్కుతూ, మొదటిసారి విని నవ్వుకుని, రెండోసారి విని తల ఊపేది.

ఆ ఊళ్ళో జట్లు రెండు. ఆకులు రాలే కాలంలో ఫుట్‌బాల్ జట్టు ఓడిపోవడం మొదలుపెడుతుంది. అది పూర్తిగా ఓడాక, సరస్సు గడ్డకట్టిన రోజుల్లో మంచు మీద ఆడే హాకీ జట్టు ఆ పని అందుకుంటుంది. లెనీకి రెండింటి మీదా కోపమే. రెండింటి మీదా ప్రాణమే. ఫుట్‌బాల్‌వాళ్ళ గురించి ఆయన ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే. నాలుగో ప్రయత్నంలో ఇంకొక్క గజం ముందుకు తోసుకుంటే చాలు, ఆ గజానికి గుండె చాలక బంతిని అవతలికి తన్ని పారేస్తారు. బస్సు డిపోలో తను బ్రేకులు బాగుచేసినన్నాళ్ళూ, ఒక్క మర బిగించడం మిగిలి ఉండగా పని పక్కవాడికి తోసేసినవాణ్ణి చూడలేదనేవాడు. హాకీ గోల్‌కీపర్ మీద ఇంకా మంట. అవతలివాడు కర్ర ఎత్తీ ఎత్తకముందే ఇతను మంచు మీద మోకాళ్ళ మీద పడతాడు, రబ్బరు బిళ్ళ తీరుబడిగా భుజం మీంచి వెళ్ళి వలలో పడుతుంది. మోకరిల్లాలని ఉంటే మన చర్చికి రమ్మనండి, ముందు వరస ఖాళీగానే ఉంది, అని లెనీ రేడియోలో అన్న రోజున ఐరీన్ మజూర్ బేకరీలో నిలబడ్డవాళ్ళు నవ్వలేక గోడ పట్టుకున్నారు.

కార్యక్రమం నడిపే గ్యారీ కూడా ఆయన ఫోన్ కోసం కాచుకునేవాడు. చెప్పు లెనీ, ఇవాళ ఎవర్ని ఉతుకుతున్నావు, అని మొదలుపెట్టేవాడు. మన లెనీ మాట్లాడాడా అని చర్చి మెట్ల మీద ఒకరినొకరు అడిగేవారు. ఐరీన్ ఆయనకోసం రై రొట్టె చివరి ముక్క, గట్టిగా కాలినది, కాగితంలో చుట్టి పక్కన పెట్టేది.

డొలొరెస్‌కి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. లెనీ మొట్టమొదట రేడియోకి ఫోన్ చేసింది ఎడ్డీని పాతిపెట్టిన మరుసటి సోమవారం. అంతకుముందు ఆదివారాలు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో వడగళ్ళలో తడిసి, ఓడిన జట్టుని దారి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికొచ్చేవారు. ఆ సోమవారం తిట్టుకోవడానికి మనిషి లేడు. కింద ఫోన్ తిప్పిన చప్పుడు, గొంతు సవరించుకున్న చప్పుడు డొలొరెస్ విన్నది. ఎడ్డీతో కారులో మాట్లాడే స్వరంతోనే లెనీ మాట్లాడాడు.

కొన్నేళ్ళు గడిచాక ఒకసారి ఆకులు రాలే కాలంలో రెండు జట్ల యజమాని ఆ రేడియోని కూడా కొనేశాడు. గ్యారీ ఉన్నాడు, కార్యక్రమం ఉంది, ఎవరికీ ఏమీ తేడా తెలియలేదు. క్రిస్మస్ వెళ్ళాక ఫుట్‌బాల్ జట్టు చివరి ఆట కూడా ఓడింది, మళ్ళీ ఆ ఒక్క గజం దగ్గరే. మర్నాడు లెనీ ఆటగాళ్ళని ఒక్క మాట అనలేదు. యజమాని గురించి మాట్లాడాడు. ఆయన మ్యాచ్‌కి పరాయివాళ్ళ పెళ్ళికి వచ్చినట్టు వస్తాడనీ, కూర్చుని తిని, ఎవరూ చూడకుండా కోటు తీసుకుని వెళ్ళిపోతాడనీ అన్నాడు. “ఏడుస్తున్నది తన ఇంటివాళ్ళేనని ఆయనకి ఎవరైనా చెప్పారా గ్యారీ?” అని అడిగాడు. వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది.

మర్నాడు పొద్దున గొట్టంలోంచి మామూలుగానే లెనీ గొంతు వచ్చింది. ఫోన్ ఎత్తిన అమ్మాయికి పేరు చెప్పాడు, వీధి చెప్పాడు, సరేనమ్మా ఉంటాను అన్నాడు. ఆ తర్వాత గొట్టంలోంచి మాట రాలేదు. సన్నగా ఒక వాద్యసంగీతం వచ్చింది, లైన్లో ఆగినవాళ్ళకి వినిపించేది. లెనీ చెవికి మందం, ఫోన్ శబ్దం పెద్దగా పెట్టుకుంటాడు. రేడియోలో ఎవరెవరో మాట్లాడి వెళ్ళిపోయారు. కార్యక్రమం అయిపోయింది. చాలాసేపటికి కింద ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. లెనీ గడ్డం గీసుకోవడం మానలేదు, చొక్కా మార్చడం మానలేదు. లైన్లో ఉండండి లియొనార్డ్ గారూ అని, పూర్తి పేరుతో, ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా అనేదట, తర్వాత ఆయనే చెప్పాడు. డొలొరెస్ పైన రేడియో పెట్టడం మానేసింది. లెనీ అక్కడ పాట వింటూ నిలబడి ఉంటే పైనుంచి ఇంకెవరి గొంతో వినబడడం బాగుండదనిపించింది ఆమెకి. పాట మొదలవగానే కుళాయి తిప్పేది, తనకేమీ వినబడడం లేదని ఆయన అనుకోవాలని.

ఊరికి ఇవేవీ తెలియవు. లెనీ రేడియోలో రావడం లేదన్నదే తెలుసు. ఒక పొద్దున బేకరీలో ఐరీన్ రొట్టె కోస్తూ, లెనీకి ఏమైంది, ఆస్పత్రిలో ఉన్నాడా అని డొలొరెస్‌ని అడిగింది. డొలొరెస్ ఏం చెప్పాలా అని తడబడుతుండగా తలుపు గంట మోగింది. లెనీయే లోపలికొచ్చాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా ఆయన వైపు తిరిగి, దిగులుగా, ప్రేమగా చూశారు. ఆ చూపుల ముందు లెనీ ఒక్క క్షణం నిలబడ్డాడు. చెయ్యెత్తి మెడ మీద పెట్టుకున్నాడు.

“గొంతు,” అన్నాడు గుసగుసగా.

అంతే. అది అబద్ధమని డొలొరెస్‌కి తెలుసు. ఆయన అబద్ధమాడే మనిషి కాడనీ తెలుసు. రేడియోకి పనికిరానివాడినని ఒప్పుకోవడం కంటే జబ్బుపడ్డవాడినని చెప్పుకోవడం ఆ క్షణంలో తేలికైంది, అంతకంటే ఏమీ లేదు. ఆమె రొట్టె తీసుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రానికే మొదటి గిన్నె వచ్చింది, ఐరీన్ కాచిన కోడిచారు. మర్నాడు డిపో స్నేహితుడు హెన్రీ భార్య బీట్‌రూట్ చారు. ఆ తర్వాత తేనె సీసా, నేతిలో వేయించిన ఉల్లిపాయలతో పియెరోగీలు అనే కజ్జికాయల్లాంటి వంట, మరో రెండు ఇళ్ళ నుంచి మళ్ళీ కోడిచారు. ఎదురింటి పిల్లలు చెప్పకుండానే ఆయన మెట్ల మీద మంచు తోసి, మాట్లాడొద్దు జాజా అని చేతులూపి వెళ్ళిపోయారు. తాతని అక్కడ అలాగే పిలుస్తారు. ఫాదర్ చెస్టర్ చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి పూసే అభ్యంగన తైలం జేబులో పెట్టుకుని చూడడానికి వచ్చాడు. అంత దాకా రాలేదని లెనీ చేత్తో సైగ చేస్తే, నవ్వి జపమాల చెప్పి వెళ్ళాడు.

అసలు బాధ అప్పుడు మొదలైంది. గొంతు పోయినవాడు ఎక్కడా మాట్లాడకూడదు కదా. రేడియో ఒక్కటే కాదు, బేకరీ పోయింది, చర్చి మెట్లు పోయాయి, మంగలి కుర్చీ పోయింది. సరిగ్గా ఆ వారమే హాకీ జట్టు మూడు గోల్స్ ముందుండి కూడా చివరి భాగంలో నాలుగు ఇచ్చుకుని ఓడింది. నాలుగూ ఆ గోల్‌కీపర్ మోకాళ్ళ మీద ఉండగానే వెళ్ళాయి. బేకరీలో హెన్రీ, డిపోలో బస్సుల కింద దిగే గుంతల్లో లెనీ పక్కదాంట్లో పనిచేసినవాడు, ఆ పిల్లాడి తప్పేమీ లేదు, వాడు బంగారం, ముందున్న ఆటగాళ్ళే దొంగలు అని గట్టిగా చెబుతున్నాడు. రొట్టెకోసం నిలబడ్డ లెనీ చెవులు ఎర్రబడడం డొలొరెస్ చూసింది. పెదవులు రెండుసార్లు విచ్చుకుని మళ్ళీ మూతబడ్డాయి.

“చూడండి, లెనీ కూడా ఒప్పుకున్నాడు,” అన్నాడు హెన్రీ. “కాదనలేదుగా.”

లెనీ రొట్టె అక్కడే వదిలేసి వచ్చేశాడు. ఐరీన్ దాన్ని కాగితంలో చుట్టి డొలొరెస్ చేతిలో పెట్టింది, పాపం మింగడం కూడా కష్టమైనట్టుంది, పాలల్లో నానబెట్టి ఇవ్వు అంటూ.

ఫిబ్రవరి మొదట్లో పునీత బ్లేజు పండుగ. గొంతులకి కాపుదల ఆయనే. పూజయ్యాక ఫాదర్ రెండు కొవ్వొత్తులని ఎర్ర రిబ్బనుతో అడ్డదిడ్డంగా కట్టి, వెలిగించకుండా, ఒక్కొక్కరి గొంతుకి రెండు వైపులా ఆనించి దీవిస్తాడు. ఏటా అందరితోపాటు లెనీ కూడా వరసలో నిలబడేవాడు. ఆ రోజు మాత్రం చివరి బల్ల దగ్గరే ఉండిపోయాడు. హెన్రీ వదల్లేదు. వచ్చి మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిపించాడు. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పక్కకి జరిగి దారి ఇచ్చారు. దగ్గుతున్న పసిపిల్లని ఎత్తుకున్న తల్లి కూడా జరిగింది.

లెనీ వెనకే డొలొరెస్ ఉంది. ఫాదర్ చెస్టర్ కొవ్వొత్తులు లెనీ మెడకి ఆనించి మామూలు దీవెన చెప్పాడు. ఆపకుండా, ఈ ఊరికి ఇష్టమైన ఈ స్వరాన్ని మాకు తిరిగి ఇవ్వు తండ్రీ అని తన మాటగా కలిపాడు. ఆమెన్ అని చర్చి అంతా ఒక్కసారి అంది. లెనీ అనలేదు. అనాల్సినవాడు ఆయనే, కానీ గొంతు లేదు కదా.

ఇంటికొచ్చాక లెనీ ఆ పూట ఫోన్ దగ్గరికి వెళ్ళలేదు. గడ్డం కూడా గీసుకోలేదు. కాసేపటికి వెనక మెట్ల మీద గిన్నెలు తగిలిన చప్పుడు, ఆగి ఆగి ఎక్కుతున్న అడుగులు వినబడ్డాయి. డొలొరెస్ తలుపు తీసింది. గిన్నెలన్నీ తోమి, ఒకదాంట్లో ఒకటి పేర్చి, గుండెకి ఆనించుకుని నిలబడి ఉన్నాడు లెనీ. బల్ల మీద దింపి, కూర్చుని, మాట్లాడబోతే గొంతు నిజంగానే బొంగురుగా వచ్చింది, రోజుల తరబడి వాడకపోవడంతో.

“నీకు తెలుసు కదా?”

“గొట్టంలోంచి పాట వినబడుతుంది, లెనీ.”

ఆయన గోడ వారనున్న గొట్టం వైపు చూశాడు. ఎప్పటినుంచి అని అడిగాడు. మొదటి రోజు నుంచీ అంది. మరి చెప్పలేదేమని అడిగితే, నువ్వు చెప్పలేదుగా అంది.

డొలొరెస్ కాఫీ పోసి ఇచ్చింది. లెనీ తాగలేదు. రేడియోవాళ్ళు తనని పొమ్మన్నా ఇంత బాధ ఉండేది కాదన్నాడు. పొమ్మంటే తిరిగి తిట్టొచ్చు. ఉండమంటారు, ఉండమని పాట పెడతారు. తనేమో బుద్ధిమంతుడిలా చొక్కా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. ఎడ్డీ చూస్తే ఏమనేవాడు?

“ఫోన్ పెట్టెయ్యరా పిచ్చివాడా అనేవాడు,” అంది డొలొరెస్.

లెనీ నవ్వలేదు. “గొంతు పోయిందంటే వీధంతా చారు కాచింది. నన్ను మాట్లాడనివ్వడం లేదంటే ఏం కాస్తారు?”

డొలొరెస్ గిన్నెల వైపు తిరిగింది. అన్నిటికన్నా పైనున్న గిన్నె ఐరీన్‌ది, దాని మూత తడిగా ఉంటే తుడిచి పెట్టింది. శనివారం ఫాదర్ దగ్గర అబద్ధం ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంటే మనసు తేలికపడుతుందని మెల్లగా చెప్పింది.

“ఫాదర్‌కి చెప్పడం ఎంతసేపు. మధ్యలో తెర ఉంటుంది. ఐరీన్ దగ్గర తెర లేదు.”

గొట్టంలోంచి వేడిగాలి ఒక్కటే వస్తోంది. లెనీ గిన్నెల్ని దగ్గరికి జరుపుకుని, వాటి వంకే చూస్తూ మాట్లాడాడు.

“రేపు ఫోన్ చెయ్యను. పూజకి ముందే గడ్డం గీసుకుంటాను. పూజయ్యాక నాతో బేకరీకి రా, డొలొరెస్. గిన్నెలు నేను మోస్తాను. మొదటి మాట మాత్రం నువ్వు అను. లెనీకి జబ్బేమీ లేదు అను, చాలు. తర్వాతది నేను చెప్పుకుంటాను. హెన్రీ ఉన్నప్పుడే అను. ఆ గోల్‌కీపర్ సంగతి వాడికి చెప్పాలి.”