తిన్నామండీ అన్న జవాబు

నిన్న మా మనవరాలు తన పరిశోధన కోసం రాసుకున్న ప్రశ్నలు తెచ్చి చూడమంది. సర్వే అంతా సెల్‌ఫోన్‌లోనేనట, కాగితంతో పనే లేదట. మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "ఈ పూట భోజనం చేశారా?" అని ఉంది. "ఇది తీసెయ్యవే," అన్నాను. ఎందుకో చెప్పాలంటే అరవయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అరవైల మొదట్లో నేను ఎమ్మే ఎకనామిక్స్ విద్యార్థిని. పేదరికం గురించి ఇంగ్లీషులో గంటసేపు మాట్లాడగలను, అన్నం వార్చడం మాత్రం రాదు. ఆకలి ఎక్కువున్న కూలీల పేట ఏదో తేల్చి, అక్కడ మధ్యాహ్నం అన్నం పెట్టే బడి ఒకటి తెరిపించాలని మా ప్రొఫెసరుగారి తాపత్రయం. ఆగిరిపల్లి వైపు మామిడితోటల పక్కనున్న పేట నా వంతుకొచ్చింది. కాపు అయిపోయి, తోటల్లో పనుల్లేని శ్రావణమాసం. గొడుగు, చేతిసంచీ చూసి టీకాలు వేసే నర్సమ్మననుకుని పిల్లలంతా పరుగు తీశారు.

ఒక్క పిల్ల పారిపోలేదు. ఎనిమిదేళ్ళుంటాయేమో. పళ్ళ బుట్టల్లో పరిచే పాత పేపర్లు చూసి అక్షరాలు పట్టేసిందట. నా కాగితం మీద 'భోజనం' అన్న మాట కూడబలుక్కుని చదివింది. వాళ్ళమ్మ మురిసిపోయింది. "బడొస్తే ముందు దీన్నే పంపుతానండి. ఓ పూట అన్నం అక్కడే పెడితే ఇంక నాకు దిగులేముందండి?" అంది.

నా కాగితంలోనూ మూడో ప్రశ్న అదే, అడిగాను. "తిన్నామండీ," అంది. ఇంటింటా అదే జవాబు. ఆ పిల్ల ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదని నా కళ్ళతో చూశాను. అయినా 'తిన్నారు' అనే రాసుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, కళ్ళకంటే కాగితాన్నే నమ్మాను. బడి ముసునూరు వైపు ఇంకో పేటకి పోయింది. నా నివేదికని ప్రొఫెసరుగారు తెగ మెచ్చుకున్నారు.

ఏడేళ్ళ తర్వాత కోతల కాలంలో అటు వెళితే ఆ తల్లి గుర్తుపట్టింది. అప్పుడు నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అంత దూరం నడిచి గుమ్మంలోకొచ్చినావిడ అన్నం తిన్నారా అనడిగితే, లేదని ఎలా అంటామండి? మీకు పెట్టడానిక్కూడా ఇంట్లో ఏం లేదాయె."

పక్కనే ఆ పిల్ల, ఎదిగిన పిల్ల, బుట్టల్లో పేపర్లు పరుస్తోంది. అక్షరాల వంక చూడను కూడా లేదు. తలెత్తి, "భోంచేశారాండి?" అంది.

పొద్దుటినుంచి నేనేమీ తినలేదు. "తిన్నానమ్మా," అన్నాను.

తర్వాత రెండేళ్ళకి ఆ పేటకీ బడి వచ్చింది. ఎనిమిదేళ్ళ వయసే, ఎవరికీ రెండోసారి రాదు.